యాళిని మచ్చిక చేయడం మూడు నెలల పని కాదు

ప్రశ్న అడిగిన అమ్మాయి రాస్తున్న నవల క్లుప్తంగా ఇదీ. మన విశాఖలాంటి తీరపట్నమే, కాకపోతే కల్పిత ప్రపంచం. జాలరిపేట పిల్ల నూకాలు కొండల్లోకి వెళ్లి ఒక యాళి పిల్లను పట్టుకుంటుంది. యాళి అంటే పాత గుళ్ల మండప స్తంభాల మీద కనిపిస్తుందే, సింహం ఒళ్లు, ఏనుగు తొండం, దంతాలు ఉన్నది, అది. నూకాలు దాన్ని మచ్చిక చేసుకుని, మూడు నెలలు తిరక్కుండానే దాని మీదెక్కి శత్రువుల ఓడల మీదికి దూకుతుంది. చదివిన స్నేహితులు "యాళి మరీ ఈజీగా లొంగిపోయింది, మా వీధి కుక్కే నయం" అన్నారట. పట్టడం, మచ్చిక చేయడం, పోషించడం నమ్మేలా ఎలా రాయాలన్నది ప్రశ్న.

నేను పశువైద్యుణ్ని. సర్వీసంతా ఎక్కువగా ఆవులు, గేదెలు, గుర్రాలతోనే గడిచింది. మధ్యలో కొన్నేళ్లు అడవి జంతువుల పని కూడా చూశాను. ఫాంటసీ కథల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. యాళికి సూది వేసిన డాక్టరు లోకంలో ఎవరూ లేరు కాబట్టి నా మాట తప్పని నిరూపించేవాళ్లూ ఉండరు, ఆ ధైర్యంతో రాస్తున్నాను.

అమ్మా, మీ స్నేహితులు పట్టుకున్న లోపం మచ్చిక సీన్‌లో లేదు. అంతకంటే ముందే ఉంది. మీ యాళి ఏం తింటుంది? ఎవరితో కలిసి బతుకుతుంది? పంపిన మూడు అధ్యాయాల్లో ఈ రెండిటికీ జవాబు లేదు. అది తేలితే దాన్ని ఎలా పట్టాలో, ఎవరి మాట వింటుందో, ఊరికి ఎంత ఖర్చో, ఎప్పుడు ఎదురు తిరుగుతుందో అన్నీ వాటంతటవే తేలిపోతాయి. తేలకపోతే నూకాలు ఎంత ధైర్యవంతురాలైనా పాఠకుడు నమ్మడు.

ఏనుగు, పులి తీసుకోండి. ఏనుగు ఆడపెద్ద వెనక నడిచే కుటుంబంలో పుడుతుంది. పెద్దదాని మాట వినడం, ఒంటరిగా ఉండలేకపోవడం దాని స్వభావంలోనే ఉన్నాయి. మావటి చేసేదల్లా ఆ కుటుంబంలో ఖాళీ అయిన చోటులో తాను కూర్చోవడమే. పులి అలా కాదు. తల్లిని వదిలాక ఒంటరిగా బతికే జంతువు అది. దాన్ని మనిషి దగ్గర నిలబెట్టేవి తిండి, అలవాటు, ఈ రెండే. పుట్టినప్పటి నుంచి పెంచినా అది మిమ్మల్ని నాయకుడిగా చూడదు, ఎందుకంటే నాయకుడు అనే చోటే దాని బతుకులో లేదు.

నన్నడిగితే యాళిని మంద జంతువుగానే రాయండి. తొండం ఉంది కాబట్టి కొమ్మలు విరిచి తింటుంది, కోరలు ఉన్నాయి కాబట్టి మాంసమూ ముడుతుంది. మన ఎలుగుబంటి ఇలాంటిదే కదా: పళ్లు, చెదలు, తేనె, దొరికింది దొరికినట్టు తింటుంది, ఉద్దానంలో జీడితోటల దాకా వచ్చేస్తుంది. యాళి కూడా అన్నీ తినేదైతే పనస పండే కాలానికి కొండ దిగుతుంది, చెరుకు తోటలకు నష్టం చేస్తుంది. అప్పుడు రైతులకు దాని మీద కోపం ఉంటుంది, రాజుకు ఆశ ఉంటుంది, నూకాలుకు దాన్ని పట్టడానికి ఒక కారణమూ ఉంటుంది. ఇప్పుడున్న కథలో నూకాలు కొండల్లోకి ఎందుకు వెళ్లిందో నాకు అర్థం కాలేదు, యాళి కలలో కనిపించిందన్నారు.

ఇక వయసు. మీరు పాలు తాగే పిల్లను పట్టించారు. కథ రాసే అందరూ అదే చేస్తారు, ముద్దుగా ఉంటుంది కాబట్టి. జంతువులను నిజంగా పట్టినవాళ్లు మాత్రం వేరేగా ఆలోచించారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో స్పష్టంగా ఉంది: ఏనుగులను వేసవిలో పట్టాలి, ఇరవై ఏళ్ల వయసుదాన్ని పట్టాలి. గున్నను, దంతాలు లేనిదాన్ని, జబ్బుదాన్ని, చూలుతో ఉన్నదాన్ని, పాలిచ్చేదాన్ని పట్టకూడదు. వేసవి ఎందుకంటే నీళ్లు తగ్గి మందలన్నీ మిగిలిన కుంటల చుట్టూనే తిరుగుతాయి, వెతుక్కోవక్కర్లేదు. ఇరవై ఏళ్లు ఎందుకంటే గున్నను పెంచడానికి పదిహేనేళ్లు మేపాలి, పని మాత్రం సున్నా. అన్నట్టు అదే గ్రంథం కళింగ, అంగ దేశాల ఏనుగులే శ్రేష్ఠమంటుంది. మన ప్రాంతం పాత కళింగంలోదే. మీ ప్రపంచంలో పరదేశపు రాజులు యాళుల కోసం ఈ తీరానికే ఎందుకొస్తారో చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

చీతాల సంగతి ఇంకా చిత్రం. చిరుతపులి కాదు, జింకల వెంట పరిగెత్తే వేట చీతా. మొగలుల కాలం నుంచి మన రాజులు వందల కొద్దీ పెంచారు, దాదాపు అన్నిటినీ అడవిలో పెద్దవయ్యాకే పట్టారు. వేటాడటం పిల్లకు తల్లి నేర్పుతుంది. పసికూనగా తెచ్చి పెంచిన చీతాకు వేట రాదు, అది వట్టి పెంపుడు పిల్లి. పట్టేవాళ్లు కూడా అడవంతా తిరిగేవాళ్లు కాదు. చీతాలు తమ వాసన గుర్తు వదలడానికి మళ్లీ మళ్లీ వచ్చే చెట్లుంటాయి, వాటి చుట్టూ ఉచ్చులు పన్ని కూర్చునేవాళ్లు. డేగలను ఆడించేవాళ్లదీ ఇదే లెక్క. గూట్లోంచి తీసిన పిల్ల మనిషినే తల్లి అనుకుని పెద్దయ్యాక కూడా తిండి కోసం అరుస్తూనే ఉంటుంది. పూర్తిగా ముదిరిన డేగ గొప్పగా వేటాడుతుంది కానీ మనిషికి లొంగడం కష్టం. అందుకే తొలి ఏడాది వలసలో, సొంతంగా వేటాడటం మొదలుపెట్టిన కుర్ర డేగను కోరుకుంటారు.

పసిపిల్లను పెంచడంలో ఇంకో ప్రమాదం ఉంది. బయట ఎవరికీ పెద్దగా తెలియదు. సీసా పాలు పట్టి పెంచిన మగ దుప్పి, మగ జింక పెద్దయ్యాక అడవిలో పెరిగినదానికంటే ఎక్కువ ప్రమాదకరం. మనిషంటే భయం ఉండదు, పైగా మనిషినే తన జాతివాడిగా అనుకుంటుంది. ఎద కాలం రాగానే పెంచినవాడే పోటీదారుడు అయిపోతాడు. కొమ్ములతో పొడిచేది వాడినే. మీ కథకు ఇది బంగారం. మొదటి భాగంలో నూకాలు ఒళ్లో పడుకున్న పిల్ల మూడో భాగంలో ఆమె అన్నను పొడవాలి, అదీ కోపంతో కాదు, వయసొచ్చి.

అందుకని నా సలహా: తల్లిని వదిలి ఒకటి రెండేళ్లయిన కుర్ర యాళిని పట్టించండి, వీలైతే ఆడది.

పట్టడం దగ్గరికి వద్దాం. పాత పద్ధతులు ఎన్నో ఉన్నాయి. గొయ్యి తవ్వి పైన కొమ్మలు కప్పడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే దారుణం. పడేటప్పుడు కాళ్లు విరుగుతాయి, పక్కటెముకలు విరుగుతాయి. ఆడ ఏనుగును ఎరగా పెట్టడం, కుమ్కీల (అడవి ఏనుగులను పట్టడానికి తర్ఫీదిచ్చిన మచ్చిక ఏనుగులు) మీదెక్కి తాడు ఉచ్చు విసరడం అస్సాం వైపు పద్ధతి. మైసూరు వైపు ఖెడ్డా: వందల మంది డప్పులు, మంటలతో మందనంతా తరిమి దుంగల దొడ్డిలోకి తోలడం. అక్కడ ఆఖరి ఖెడ్డా 1971లో జరిగింది. మీ నూకాలు జాలరి పిల్ల కాబట్టి వల వాడించారు, బాగుంది. కాకపోతే విసురు వల కాదు, తీరంలో పది ఇరవై మంది కలిసి లాగే అలివి వలలాంటిది ఇరుకు లోయలో అడ్డంగా కట్టించండి. అప్పుడు పేటంతా పనిలోకి దిగుతుంది. ఒక్క మనిషి పెద్ద జంతువును పట్టడం ఎక్కడా జరగదు. ఆ లోయ ఎక్కడుందో చెప్పాల్సింది కొండల మీద ఉండేవాళ్లు. చైత్రంలో ఇటుకల పండక్కి వేటకు కదిలే మన్యం ఊళ్లవాళ్లకు ఏ జంతువు ఏ కుంటకు ఎప్పుడు దిగుతుందో తెలుస్తుంది. సముద్రం పిల్లకు అది ఎలా తెలుస్తుంది? వాళ్లకూ జాలర్లకూ మధ్య బేరం ఒక అధ్యాయం పడుతుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. మీరు యాళిని పగలంతా తరిమించి, అది అలిసి కూలబడ్డాక కట్టేయించారు. ఇలా చేస్తే అది చచ్చిపోతుంది. అదే రోజు కాకపోవచ్చు. ప్రాణభయంతో పరిగెత్తి, పట్టుబడ్డాక కూడా పెనుగులాడిన జంతువుకు కండరాలు లోపల నుంచి దెబ్బతింటాయి, ఒళ్లు కాలిపోతుంది. చితికిన కండరంలోని రంగు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. మెడ వాలిపోతుంది, వెనక కాళ్లు బిగుసుకుపోతాయి. కొన్ని గంటల్లో పోతాయి, కొన్ని బాగానే తిని తిరిగి వారం పది రోజుల తర్వాత హఠాత్తుగా పడిపోతాయి. జింక జాతుల్లో ఇది మరీ ఎక్కువ. జంతువును పట్టి తరలించే పనిలో ఉన్నవాళ్లను రాత్రి నిద్రపోనివ్వనిది పంజా దెబ్బ కాదు, ఇదే.

తప్పించే మార్గాలు మందుల కంటే పద్ధతిలోనే ఉన్నాయి. తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. తరమడం నిమిషాల్లో ముగియాలి, గంటలు కాదు. చిక్కగానే కళ్లకు గుడ్డ కట్టాలి. చూపు ఆగితే గుండె నెమ్మదిస్తుంది. చుట్టూ ఎవరూ మాట్లాడకూడదు. ఒంటి మీద నీళ్లు పోయాలి. తాడు మెత్తగా ఉండాలి, జనపనార తాడైతే గుడ్డ చుట్టాలి. లేకపోతే కాళ్ల దగ్గర ఒరుసుకుపోయి, రెండు రోజుల్లో ఈగలు వాలి పురుగులు పడతాయి. మీ సీన్‌లో ఊరంతా విజయంతో కేకలు పెట్టారు. ఆ కేకలే దాన్ని చంపుతాయి. అరవై మంది ఊపిరి బిగపట్టి, సైగలతో పని చేస్తుంటే చదివేవాడికే టెన్షన్ ఎక్కువ ఉంటుంది.

మంత్రాల ముసలమ్మ ఇచ్చిన నిద్రమందు గురించి. వాడుకోండి, తప్పు లేదు. మన తుపాకీ మత్తుసూదికి కూడా జంతువు సినిమాలో చూపించినట్టు దెబ్బకు కూలదు. మందు ఎక్కడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ లోపు జంతువు పరిగెత్తి నీళ్లలో పడి మునిగిపోవచ్చు, లోయలోకి జారిపోవచ్చు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, బరువు మనం కంటితో అంచనా వేయాల్సిందే. యాళి నెమరువేసే జాతైతే పక్కకు పడుకోబెట్టకూడదు, కడుపు ఉబ్బి ఊపిరాడదు. రొమ్ము మీద కూర్చోబెట్టి, మెడ ఎత్తి, మూతి కిందికి ఉండేలా పట్టుకోవాలి, లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఇద్దరు మనుషులు అలా తల పట్టుకుని కూర్చోవడం మీకు కావలసిన దగ్గరి సీన్ కూడా.

ఇప్పుడు మచ్చిక. హైనీ హెడిగర్ అనే స్విట్జర్లాండ్ జూ నిపుణుడు చెప్పిన సంగతి ఒకటి మీకు బాగా పనికొస్తుంది. ప్రతి అడవి జంతువుకూ మనిషి విషయంలో రెండు దూరాలుంటాయి. మొదటి దూరం దాటితే పారిపోతుంది. పారిపోయే దారి లేక ఇంకా దగ్గరికొస్తే, రెండో దూరం దగ్గర తిరగబడుతుంది. మచ్చిక అంటే ఆ మొదటి దూరాన్ని రోజుకు కాస్త తగ్గించి, చివరికి లేకుండా చేయడం. ప్రేమ పుట్టడం తర్వాతి మాట, పుట్టకపోవచ్చు కూడా.

కాబట్టి నూకాలు మొదటి రోజు చేయి చాచి నుదుటి మీద పెట్టకూడదు. దొడ్డి బయట, యాళి చెవులు నిక్కబొడిచే గీతకు ఒక్క అడుగు ఇవతల, పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి చూడకూడదు. యాళి కాస్త సర్దుకుని మేత వైపు తలతిప్పగానే లేచి వెళ్లిపోవాలి. అదే దానికి మొదటి బహుమతి: నేను కుదురుగా ఉంటే ఈ మనిషి పోతుంది. కొత్తగా పట్టిన జంతువు మొదట తిండి ముట్టదు, ఒక్కోసారి రోజుల తరబడి. నీళ్లు మాత్రం పక్కనే ఉండాలి. మూడో రోజో నాలుగో రోజో రాత్రి, ఎవరూ చూడనప్పుడు తింటుంది. పొద్దున తొట్టి చూసుకుని పేట పేటంతా పండగ చేసుకోవాలి.

అస్సాంలో ఏనుగులు పట్టే ఫాందీలు కొత్త ఏనుగుకు పాటలు పాడుతూ మచ్చిక చేస్తారు. గొంతు అలవాటు కావడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. ఒకే గొంతు, ఒకే పాట, ఒకే వేళ. నూకాలు వల లాగేటప్పుడు పాడే ఐలెస్సా పాటనే నెమ్మదిగా పాడించండి. తర్వాత యుద్ధంలో, పొగలో, ఆమె కనిపించనప్పుడు ఆ పాట వినే యాళి వెనక్కి తిరగొచ్చు.

రెండో దారి కూడా ఉంది, దాచి ప్రయోజనం లేదు. కదలకుండా బిగించి కట్టి, ఆకలితో, నిద్ర లేకుండా, దెబ్బలతో లొంగదీయడం. ఏనుగుల విషయంలో చాలాచోట్ల ఇదే జరిగింది. త్వరగా ఫలితం వస్తుంది కాబట్టే జరిగింది. మీ కథలో సేనాపతి ఈ దారి పట్టాలి, నూకాలు మొదటి దారి పట్టాలి, ఇద్దరి యాళులూ ఒకే యుద్ధానికి వెళ్లాలి. దెబ్బలతో లొంగిన జంతువు నేర్చుకునేది ఒక్కటే: ఈ మనిషి, ఈ కర్ర ఉన్నప్పుడు కదలకూడదు. ఆ మనిషి బాణం తగిలి పడిపోగానే దానికి పాఠం అయిపోయింది.

నేర్పే పని గురించి ఎక్కువ రాయను, అది సులువు. సరిగ్గా చేసిన క్షణాన ఒక ఈల, వెంటనే బెల్లం ముక్క. కాలెత్తడం, పడుకోవడం, నోరు తెరవడం, పుండు చూపించడం, సూదికి నిలబడటం ఇలాగే వస్తాయి. ఇప్పుడు మంచి జూలలో మధ్యలో కంచె ఉంచుకుని పులులకూ ఏనుగులకూ ఇలా నేర్పి రక్తం తీస్తున్నారు. ఈల ఎందుకంటే బెల్లం చేతికందే లోపు ఆ క్షణం దాటిపోతుంది. డేగలకు ఇంకో కిటుకు కలుస్తుంది, బరువు. రోజూ తూచి, ఆకలి ఉన్నా నీరసం రాని బరువు దగ్గర ఉంచి ఎగరేస్తారు. కడుపు నిండిన డేగ చెట్టెక్కి కూర్చుంటుంది, ఎంత పిలిచినా రాదు. రెక్కల జంతువు ఏదైనా మీ ప్రపంచంలో ఉంటే ఇది మర్చిపోకండి.

సాయానికి మచ్చికైన పెద్ద యాళి ఒకటి ఉండాలి. కొత్తదాన్ని రెండు పక్కలా ఒత్తి నడిపించేది, భయపడితే తొండంతో తడిమేది అదే. కుమ్కీలు లేకుండా ఏనుగు పని జరగదు. మన రాష్ట్రం పంటల మీద పడే ఏనుగుల కోసం 2025 మేలో కర్ణాటక నుంచి కుమ్కీలను తెచ్చుకుంది, కావాలంటే వాటి వీడియోలు చూడండి, అడవి ఏనుగు ఎదురుగా అవి ఎలా నిలబడతాయో. మీ కథలో ఆ ముసలి యాళి ఎవరిది, అది ఏ యుద్ధం నుంచి మిగిలింది అనేది నాకైతే నూకాలు కథ కంటే ఆసక్తిగా ఉంది.

ఎంత కాలం పడుతుంది? డేగ కొన్ని వారాల్లో చేతి మీదికి తిరిగొస్తుంది. కుర్ర ఏనుగు మెడ మీద మనిషిని మోస్తూ మాట వినడానికి నెలలు పడుతుంది, పేలుళ్లకూ జనానికీ బెదరకుండా ఉండటానికి ఏళ్లు. అర్థశాస్త్రం కూడా మచ్చిక దశలోని ఏనుగుకు మెట్లు చెబుతుంది, భుజం మీద మనిషిని ఎక్కనివ్వడం, కట్టుగొయ్యకు కుదురుగా ఉండటం ఇలా. యుద్ధపు ఏనుగు వర్గం వేరు, దుష్ట ఏనుగు వర్గం వేరు. మీ మూడు నెలలను మూడేళ్లు చేయండి. శత్రువు ఓడలు ఈలోగా మూడు వర్షాకాలాలు వచ్చి పోనివ్వండి.

మచ్చికైంది అంటే ప్రమాదం పోయిందని కాదు. దీనికి మన ఊరికే సంబంధమున్న సంగతి ఒకటుంది. అడవి చీతా మనిషిని చంపినట్టు చెప్పుకునే సంఘటనలే దాదాపు కనబడవు, అంత బెరుకు జంతువు. అలాంటిది 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ అనే దొర వేటలో చీతా దాడికి చనిపోయాడు. అది అడవిది కాదు, విజయనగరం రాజావారి పెంపుడు చీతా. నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసిన విషయం ఇది. అడవిలో మనిషిని చూస్తే పారిపోయే జంతువు, భయం పోగొట్టాక మనిషి మీదికి రాగలిగింది. మచ్చికలో మనం తీసేసేది మన రక్షణను కూడా.

మగ ఏనుగుకు మదం వస్తే కంటికీ చెవికీ మధ్య నుంచి చిక్కటి ద్రవం కారుతుంది, ఒంట్లో మగ హార్మోను అనేక రెట్లు పెరుగుతుంది, అప్పటిదాకా పేరు పెట్టి పిలిస్తే వచ్చింది మావటినే తొక్కుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు. తెలిసిన మావటి ముందే గుర్తుపట్టి దూరంగా కట్టేస్తాడు. సరిగ్గా అప్పుడే రాజు ఊరేగింపుకు యాళి కావాలంటే? కథల్లో రాజులు మావటి మాట వినరు, నిజంలోనూ తక్కువే.

ఒక జంతువును మచ్చిక చేయడం, ఒక జాతిని పెంపుడు జాతిగా మార్చడం పూర్తిగా వేరు. ఏనుగుతో మనిషికి వేల ఏళ్ల సాంగత్యం ఉన్నా అది ఇప్పటికీ అడవి జంతువే, ఎందుకంటే తరతరాలుగా ఎంపిక చేసి జత కట్టించి పిల్లల్ని పెట్టించలేదు. నక్కల్లో అలా చేసి చూశాడు బెల్యాయెవ్ అనే రష్యా శాస్త్రవేత్త, 1959లో మొదలుపెట్టి, మనిషికి బెదరనివాటినే ప్రతి తరంలోనూ జత కట్టిస్తూ. కొన్ని తరాలకే తోక ఊపే నక్కలు పుట్టాయి. మీ రాజ్యంలో యాళుల సాల తరతరాలుగా ఉందంటే ఆ యాళులు చెవులు వాలి, మచ్చలు పడి, అడవివాటిలా కాక వేరేగా కనిపించాలి.

పోషణ. మీరు "రోజూ చేపలు పెట్టింది" అని ఒక్క వాక్యంతో దాటేశారు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టుంది. పెద్ద ఏనుగు రోజుకు నూట యాభై కిలోల పచ్చిమేత తింటుంది, వంద లీటర్ల పైన నీళ్లు తాగుతుంది, వంద కిలోల పేడ వేస్తుంది. జూ పులికి రోజుకు ఎనిమిది పది కిలోల మాంసం, వారానికి ఒక రోజు పస్తు, అదీ ఆరోగ్యం కోసమే. ఎద్దంత ఉన్న మీ యాళి ఇందులో సగం తిన్నా జాలరిపేట పడవలు దాని కోసమే వేటకు వెళ్లాలి. ఎవరిస్తారు? దేవుడి మాన్యమా, రాజు గారి ధాన్యమా, పంట నష్టం తప్పినందుకు రైతులు వేసుకునే చందాలా? దొడ్డి పేడ ఎవరి పొలానికి? ఇదంతా రాస్తే పాఠకుడికి విసుగనుకోకండి, తిండి గొడవలున్న ఇల్లు చదివినప్పుడు అందరూ నమ్ముతారు.

మాంసం తినే జంతువుల పిల్లలకు ఎముక లేకుండా మెత్తటి ముక్కలే పెడితే వాటి ఎముకల్లో సున్నం కరిగిపోతుంది. నడుస్తూ నడుస్తూ కాలు విరుగుతుంది. ప్రేమతో పెంచేవాళ్లే ఈ పని చేస్తారు, ముల్లు గుచ్చుకుంటుందని. నూకాలు తల్లి చేపలు ముళ్లు తీసి పెట్టే మనిషైతే ఈ జబ్బు ఆ ఇంట్లోనే పుడుతుంది. పాలు తాగే పిల్లనే ఉంచుతానంటారా, ఆవుపాలు పట్టొద్దు. కెన్యాలో అనాథ గున్నలను పెంచిన డాఫ్నీ షెల్డ్రిక్ ఏళ్ల తరబడి ప్రయత్నించి, ఆవుపాలలోని కొవ్వు వాటికి పడదనీ, కొబ్బరినూనె కలిపితే అరుగుతుందనీ కనిపెట్టింది. మన తీరంలో కొబ్బరికి లోటు లేదు, ఆ ఉపాయం పేటలో ముసలమ్మకు తట్టొచ్చు. షెల్డ్రిక్ తెలుసుకున్న ఇంకో సంగతి: ఒకే మనిషికి అతుక్కుపోయిన గున్న, ఆ మనిషి కొన్ని రోజులు కనిపించకపోతే తిండి మానేసి చనిపోయింది. అప్పటి నుంచి కాపరులను మారుస్తూ పెంచారు. మీరు గొప్ప బంధంగా రాసింది వైద్యుడి కంటికి జబ్బుకు మొదటి గుర్తు.

కొత్త జంతువును మిగతా పశువులతో కలపకుండా కనీసం నెల రోజులు విడిగా ఉంచాలి. మనిషి నుంచి ఏనుగుకు క్షయ సోకుతుంది, అటు నుంచి ఇటూ వస్తుంది. దగ్గే తాతను దొడ్డి దగ్గరికి రానివ్వకూడదు. గట్టి నేల మీద నిలబెడితే పాదాలు చెడతాయి, కట్టేసిన ఏనుగులకు పాదాల పుళ్లే పెద్ద శత్రువు. ఇసుక నేల, బురద గుంట తప్పనిసరి. కొండ గాలికి అలవాటైన జూలు జంతువు మన ఉక్కపోతలో రొప్పుతూనే ఉంటుంది, మే నెలలో పగలు దానితో ఏ పనీ చేయించకండి. తుపాను సీన్ ఉందన్నారు కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు, గాలి తగ్గాక మొదలైంది అసలు కష్టం: కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలు లేవు. జంతువున్న చోట తుపానంటే కూలిన గోడ ఒక్కటే కాదు, వారం రోజుల మేత ఎక్కడ దాచారన్నది.

చూసి రాయాలంటే మన ఇందిరాగాంధీ జూకి వెళ్లండి. ఒకవైపు సముద్రం, వెనక కంబాలకొండ, మీ కథా స్థలం అచ్చంగా అదే. సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలకూ పులులకూ అక్కడ రెస్క్యూ సెంటర్ పెట్టారు. అడవి మృగాలను ఆడించడం 1998 నోటిఫికేషన్‌తో ఆగిపోయాక మిగిలినవాటికి ఇల్లది. పది బోనులు చుట్టేయకుండా ఒక్క జంతువు ముందు గంటసేపు కూర్చోండి. ఇంట్లో పిల్లనక్కనో కోతినో పెంచి చూద్దామనుకుంటే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

చివర్లో జీను గురించి అడిగారు. గుర్రానికి మోసే బరువు దాని బరువులో ఐదో వంతుకు మించకూడదని లెక్క. ఆరువందల కిలోల యాళికి మనిషి, జీను, ఆయుధాలు కలిపి నూట ఇరవై. కాబట్టి నూకాలు ఒక్కతే ఎక్కగలదు, వెనక విలుకాడిని కూర్చోబెట్టిన వాక్యం తీసేయండి. ఎముకలు ముదరక ముందు ఎక్కితే నడుం చెడుతుంది, గుర్రాన్నైనా రెండు మూడేళ్లు నిండనిదే ఎక్కరు. సింహం వీపు పరిగెత్తేటప్పుడు విల్లులా వంగుతుంది, కాబట్టి కూర్చోవాల్సింది నడుం మీద కాదు, భుజాల వెనక. కింద మందపాటి గడ్డి గద్దె, దాని మీద తోలు. పట్టెడ చంకల దగ్గర ఒరుస్తుంది, రోజూ సాయంత్రం విప్పి అక్కడ చెయ్యి పెట్టి చూడాలి, వేడిగా ఉంటే మర్నాడు సెలవు. ఉప్పునీళ్లలో దిగి వచ్చాక మంచినీళ్లతో కడగకపోతే ఆ పుండు మానదు. ఓడల మీదికి దూకే సీన్ తర్వాతి పేజీలో బావి, చేద ఉండేలా చూసుకోండి.